బంకర్ పాఠం

“మొదటి తరగతిలో బంకర్ ఉండదండీ, మిసెస్ గెడ్డెస్,” అన్నాడు రూరీ, ఓపిగ్గా.

“నాకు ఇంకేదీ వద్దు,” అంది నెట్టా.

“కొత్తవాళ్ళకి ముందు గోల్ఫ్ కర్ర పట్టుకోవడం, నిలబడటం, బంతిని దగ్గర్నుంచి మెల్లగా దొర్లించడం నేర్పుతాం. రెండో తరగతిలో దూరం, గురి. బంకర్, అంటే ఇసుక గోతిలోంచి బంతిని బయటికి కొట్టడం, మూడో తరగతి పాఠం. అక్కడిదాకా వచ్చినవాళ్ళు కూడా ఆ ఇసుకలో ఏడుస్తారు.”

“ఏడవడానికి నాకు తరగతులెందుకు? నేర్పుతావా, పక్కూరి క్లబ్బుకి పొమ్మంటావా?”

రూరీ స్కాట్లండ్‌లోని ఆ ఫైఫ్ తీరం గోల్ఫ్ క్లబ్బుకి గురువుగా వచ్చి నెల కూడా కాలేదు. ఆమెకి కర్ర అందించాడు.

క్లబ్బు వెనక సాధన కోసం తవ్విన బంకర్‌లో నెట్టా మొదటి దెబ్బకి బంతి గోడెక్కింది. రెండో దెబ్బకి ఇసుకలో కూరుకుపోయింది. వరండాలో రొట్టె తింటున్న క్లబ్బు కెప్టెన్ డగల్ పకపకా నవ్వాడు. డగల్, నెట్టా భర్త వాటీ చిన్నప్పట్నుంచీ జతగాళ్ళు.

“ఎందుకే నెట్టా, ఈ వయసులో నీకీ తిప్పలు?”

“ఏడో హోల్ దగ్గరున్న బంకర్‌లోంచి కొట్టాలి.”

డగల్ నవ్వు ఆగిపోయింది. ఆ బంకర్‌ని క్లబ్బులో అందరూ ‘వాటీ గది’ అంటారు. బంతి అందులో పడితే వాటీ ఎప్పుడూ ఒక్క దెబ్బకి బయటపడిన పాపాన పోలేదు.

“వాటీకి అక్కడ హాయిగా ఉంది. నీకేం నొప్పి?”

“మీరంతా కలిసి తేల్చేశారు. నన్నొక్క మాట అడిగారా?”

డగల్ పళ్ళెం తీసుకుని లోపలికి పోయాడు.

“బంతిని కొట్టకండి,” అన్నాడు రూరీ. “దాని వెనకున్న ఇసుకని కొట్టండి. ఇసుకే బంతిని మోసుకుపోతుంది.”

నెట్టా తలెత్తింది. “అయితే ముందు బయటికెళ్ళేది ఇసుకేనా?”

“ఇసుకే.”

“ఏదీ, మళ్ళీ చూపించు.”

వసంతమంతా ఆమె అదే పాఠం నేర్చుకుంది. చేతులు బొబ్బలెక్కాయి. తనతోపాటు చేరినవాళ్ళు రెండో తరగతికి వెళ్ళిపోయారు. ఆమె కదల్లేదు. సాయంత్రం ఇంటికెళితే తోటలో బోర్లించిన పడవ కనపడేది. వచ్చే ఆదివారం నిన్ను సముద్రం మీదికి తీసుకెళతానని వాటీ ఎన్నేళ్ళు చెప్పాడో! ప్రతి ఆదివారాన్నీ ఈ క్లబ్బే మింగేసింది. పడవ నీళ్ళు చూడనేలేదు. దాని పక్కన నిలబడ్డప్పుడల్లా నెట్టాకి కోపం కొత్తగా పుట్టుకొచ్చేది.

ఓరోజు పొద్దున్నే పడమటి గాలి ఈడ్చి కొట్టింది.

“ఇవాళ వద్దండీ,” అన్నాడు రూరీ. “ఇసుకంతా సముద్రంలోకి పోతుంది.”

“అందుకే వచ్చాను. పద, ఏడో హోల్ దగ్గరికి.”

దారిలో డగల్ అడ్డం నిలబడ్డాడు. “మూడో తరగతి దాటనివాళ్ళు మైదానంలో అడుగు పెట్టకూడదు. అది రూలు.”

“గురువు వెంట ఉంటే పోవచ్చుగా?” అంది నెట్టా.

ఇద్దరూ రూరీ వైపు చూశారు. అతను నెట్టా పక్కకి జరిగాడు. “పోవచ్చు,” అన్నాడు.

నెట్టా బంకర్‌లోకి దిగి కాళ్ళు ఇసుకలో కుదురుగా పాతుకుంది. రూరీ జేబులోంచి బంతి తీసి వేయబోయాడు.

“అక్కర్లేదు,” అని ఆమె కర్ర ఎత్తింది.

ఇసుక పైకి లేచింది. గాలి దాన్ని అందుకుని, గట్టు దాటించి, రాళ్ళ మీదుగా సముద్రంలోకి ఊడ్చుకుపోయింది. ఆమె మళ్ళీ కొట్టింది. మళ్ళీ కొట్టింది. ఒక్క దెబ్బా తప్పలేదు.

“ఆపవే నెట్టా! వాడికి ఇక్కడే ఇష్టం!” అని అరిచాడు డగల్.

“ఆయనకేది ఇష్టమో కాపురం చేసినదాన్ని, నువ్వు చెప్తావా నాకు? నాకిచ్చిన మాటొకటుంది. అది తీర్చుకోనీ!”

డగల్ గట్టు మీద కూలబడ్డాడు. కాసేపటికి టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కింద నెట్టా బుగ్గలు తడిసి ఉన్నాయి, చేతులు మాత్రం ఆగడంలేదు.

రూరీ అతని పక్కకి వంగి గుసగుసగా అడిగాడు. “బంతే లేకుండా ఎందుకలా కొడుతున్నారు సార్?”

“మేం వాటీ చితాభస్మం చల్లింది అందులోనే.”