బండెక్కని మాస్టారు

బంటుమిల్లి రైసుమిల్లు కళ్లంలో, ఆరబోసిన ధాన్యాన్ని పక్కకి నెట్టి, మిలటరీ పచ్చరంగు మోటారుసైకిలొకటి నిలబెట్టారు.

మిల్లు యజమాని గోవర్ధనరావు వేలంలో కొన్నది. దేవమ్మ అడిగిందని బయటికి తీయించాడు.

ఆమె కూతురు రూతుని చేసుకోబోయే కృపానందం, మిలటరీలో ఆరేళ్లు మోటారుసైకిళ్లు నేర్పానని చెప్పాడు. మానేసి వచ్చి మూడు నెలలైంది. ఊళ్లో అతన్ని బండి మీద చూసినవాళ్లు లేరు.

చర్చిలో పెళ్లి ప్రకటన రెండు ఆదివారాలు చదివారు. రేపు మూడోది. అభ్యంతరం చెప్పాలంటే అదే ఆఖరు.

"వంటశాలలో గరిటె తిప్పొచ్చి బండి తిప్పానంటున్నాడేమోనే," అంది దేవమ్మ పొద్దున రూతుతో.

"ఎక్కు నాయనా. ఒక్క చుట్టు," అంది ఇప్పుడు బండి పక్కన నిలబడ్డ కృపానందంతో.

"నేను ఎక్కనండీ అత్తయ్యగారూ. ఎవరికైనా నేర్పమంటే నేర్పుతాను."

దొరికాడనుకుంది. "అయితే మన దుర్గారావుకి నేర్పు."

మిల్లు లారీ డ్రైవరు దుర్గారావు పంచె ఎగ్గట్టి వచ్చాడు. "లారీ తోలేవాడికి ఇదో లెక్కా మాస్టారూ."

కృపానందం బండిని నేలమీద పడుకోబెట్టాడు. "ఎత్తండి."

దుర్గారావు ఎత్తాడు. కృపానందం మళ్లీ పడుకోబెట్టాడు. ఇలా మూడుసార్లు.

తర్వాత ఇంజను వెయ్యనివ్వకుండా కళ్లం చుట్టూ తోయించాడు. అడుగులు కొలిచి ఐదు బస్తాలు వరసగా పెట్టించి, ఇంజను వేయించి, వాటి మధ్య మెలికలు తిప్పమన్నాడు.

"చక్రం వంక కాదు. వెళ్లాల్సిన చోటు చూడండి."

వంటవాడు కాదు. అది దేవమ్మకి తెలిసిపోయింది. మరి తనెందుకు ఎక్కడు?

దుర్గారావుకి హుషారు పుట్టింది. బస్తాలు దాటి, గేటులోంచి కాలవగట్టు మీదికి పోనిచ్చాడు.

కృపానందం వెనకాలే పరుగెత్తాడు.

"విల్సన్, ఆపు. నీకింకా రాదు. విల్సన్."

దుర్గారావు మలుపులో ఆగి, నవ్వుతూ వెనక్కి చూశాడు.

కృపానందం గట్టు మీద చతికిలబడి ఉన్నాడు.

దేవమ్మ వెళ్లి పక్కన నిలబడింది. "విల్సన్ ఎవరు నాయనా?"

"నా దగ్గర నేర్చుకున్న కుర్రాడండీ."

"ఏమయ్యాడు?"

"చైనా యుద్ధం రోజులండీ. ఇంకో వారం నేర్పాలి వాడికి. పైవాళ్లు తొందరపెట్టారు. పాసయ్యాడని నేనే సంతకం పెట్టేశాను. మొదటి కొండమలుపులోనే పోయాడు."

"రూతుకి చెప్పావా?"

తల అడ్డంగా ఊపాడు.

ఇంటికి నడుస్తుంటే దేవమ్మకి ఒకటే ఆలోచన. ఇంత దాచినవాడు ఇంకేమీ దాచలేదని ఏమిటి నమ్మకం?

ఆదివారం చర్చిలో పాస్టరు అయ్యగారు ఇద్దరి పేర్లూ మూడోసారి చదివారు. ఈ పెళ్లికి అభ్యంతరం ఉన్నవాళ్లు ఇప్పుడే చెప్పాలన్నారు.

దేవమ్మ చాప అంచు గట్టిగా పట్టుకుంది. లేవలేదు.

మగవాళ్ల వైపు, చివరి వరసలో, కృపానందం లేచి నిలబడ్డాడు. "రూతుకి నేను చెప్పని సంగతి ఒకటుందండీ," అన్నాడు.