మంచినీళ్ల పైపు

"అత్తయ్యగారూ, పడవలోకి నీళ్లొచ్చేస్తున్నాయి!"

కింద గదిలో చీలమండల దాకా నీళ్లలో నిలబడి అల్లుడు పెట్టిన కేక అది. పైన చుక్కాని పట్టుకుని కూర్చున్న అత్తగారు తల కూడా తిప్పలేదు. గాలి జోరుగా ఉంది. ఆ పాత తెరచాప పడవ ఒక పక్కకి ఒరిగి పరుగెడుతోంది. చుక్కాని వదిలితే ఎటు తిరుగుతుందో చెప్పలేం. ఒడ్డు కనుచూపు మేరలో లేదు. అల్లుడికి ఈత రాదు.

"ఏ మాత్రం వచ్చాయి?"

"నేల చెక్కలు దాటి పైకొచ్చాయండీ. నా చెప్పులు తేలుతున్నాయి!"

"అడుగు నీళ్లు తోడే పంపు నడుస్తోందా?"

"నడుస్తోంది. నీళ్లు దాన్ని లెక్కచెయ్యట్లేదు!"

"అయితే ఒక కప్పు ముంచి పట్రండి."

అల్లుడు కప్పు కన్నా ముందు లైఫ్ జాకెట్ వెతుక్కున్నాడు. అది తొడుక్కుని, కప్పు ముంచి, మెట్లెక్కుతూ సగం ఒలకబోసి మిగతా సగం ఆవిడ చేతికిచ్చాడు.

పాత పడవల్లో తిరిగేవాళ్లు ముందుగా చేసే పరీక్ష ఇదే. అడుగున చేరిన నీళ్లు నోట్లో పోసుకుని చూస్తారు. చప్పగా ఉంటే ట్యాంకులోని మంచినీళ్లు కారుతున్నట్టు. ఉప్పగా ఉంటే సముద్రమే లోపలికి వస్తున్నట్టు.

"మీరు చూడలేదా?" అంది అత్తగారు.

"నాకేం తెలుస్తుందండీ? పొద్దుట్నుంచి అలల తుంపరలు తిని తిని నా నాలుక ఉప్పుగల్లయిపోయింది. మీరే చెప్పాలి."

ఆవిడ ఒక గుక్క నోట్లో పోసుకుని పుక్కిలించి పక్కకి ఉమ్మేసింది. అల్లుడి మొహం చూసింది. పాపం, జాకెట్ తిరగేసి తొడుక్కున్నాడు.

"మంచినీళ్లే," అంది.

"అమ్మయ్య!" అల్లుడు మెట్టు మీద కూలబడ్డాడు.

"అప్పుడే కూర్చోకండి. తాగేనీళ్లన్నీ కారిపోతే రేవు చేరేదాకా నోరు తడుపుకోవడానికి కూడా ఉండవు. నేనిక్కణ్ణుంచి చెప్తాను, మీరు చెయ్యండి. ముందు మంచినీళ్ల పంపు స్విచ్చి ఆపండి."

అల్లుడు కిందికి దిగాడు. ఇందాకటి కంగారు లేదు. కారేవి మంచినీళ్లే కదా, మహా అయితే ఒక పూట దాహంతో ఉంటాం అనుకున్నాడు.

"ఆపాను. అయినా వస్తున్నాయండీ!"

"వస్తాయి. పంపు ఆపినా ట్యాంకులోవి వాటంతటవే కారతాయి కదా. సింకు కింద తలుపు తీసి చూడండి."

"తీశా. అమ్మో, ఇక్కణ్ణుంచే! లావు గొట్టం ఒకటి ఊడిపోయింది. బుసబుసా పొంగుతున్నాయి. ఇదేంటండీ, ఈ గొట్టం పడవ అడుక్కి పోతోందీ?"

అత్తగారు చుక్కానిని ఇంకాస్త బిగించి పట్టుకుంది.

"పాత పడవ కదా. అప్పట్లో మంచినీళ్ల పైపులు అలాగే వేసేవాళ్లు. అక్కడ చిన్న పిడి ఉంటుంది, అడ్డంగా తిప్పండి."

"తిరగట్లేదు. తుప్పు పట్టేసింది."

"సుత్తి తీసుకుని తట్టండి. మెల్లిగా సుమా, గట్టిగా కొట్టకండి."

"గట్టిగా కొడితే ఏమవుతుంది?"

"మంచినీళ్లు ఎక్కువ పోతాయి."

"అంతేనా!" అని నవ్వాడు అల్లుడు. ఆ నవ్వులో ఆడవాళ్లు ప్రతిదానికీ కంగారుపడతారన్న ధీమా కూడా కాస్త కలిసింది. ఒకటి తట్టాడు. ఇంకొకటి తట్టాడు. పైన అత్తగారు పెదవి కొరుక్కుంటూ తెరచాప వంకే చూస్తోంది. చుక్కాని మీద ఆవిడ వేళ్లు తెల్లబడ్డాయి.

కిర్రుమని చప్పుడైంది.

"తిరిగింది! ఆగిపోయాయి అత్తయ్యగారూ, పూర్తిగా ఆగిపోయాయి!"

ఊడిన గొట్టాన్ని మళ్లీ ఎక్కించి, దాన్ని పట్టి ఉంచే క్లాంపు బిగించమంది ఆవిడ. బిగించాడు. మరోసారి బిగించమంది. విసుక్కోకుండా మరోసారి బిగించాడు. తోడే పంపు పనిచేస్తూ పోయి, కాసేపటికి నేల చెక్కలు బయటపడ్డాయి.

అల్లుడు పైకొచ్చి ఆవిడ పక్కన చతికిలబడి, ఆకాశానికి రెండు చేతులూ జోడించాడు.

"దేవుడు చల్లగా చూశాడండీ. అవి మంచినీళ్లు కాబట్టి సరిపోయింది. అదే ఉప్పునీళ్లని తెలిసుంటే నా కాళ్లూ చేతులూ ఆడేవి కావు. సుత్తి ఎటు పట్టుకోవాలో కూడా తెలిసేది కాదు."

"బాగా చేశారు," అంది అత్తగారు. చుక్కాని మీద పట్టు అప్పుడు కాస్త సడలించింది.

"చేసిందంతా మీరే. మీరు అంత నిదానంగా చెప్పబట్టి నేను చెయ్యగలిగాను. మా అమ్మ కూడా నాతో ఇంత ఓపిగ్గా మాట్లాడదు." నిజంగానే అతని కళ్లు చెమర్చాయి. ఈవిడకి ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. "ఒక మాటండీ. ట్యాంకులో ఎన్ని నీళ్లు మిగిలాయో ఏమో. ఉన్నవన్నీ మీకే. రేవు చేరేదాకా నేను చుక్క కూడా ముట్టను."

"అంత త్యాగం వద్దులెండి."

"వద్దనకండి. ఈ ఒక్కటీ చెయ్యనివ్వండి."

అంటూనే దిగిపోయాడు. మంచం కింద ట్యాంకు మూత తిప్పి తీసి, ఎంత మిగిలిందో చూద్దామని వేలు లోపల పెట్టాడు. అంచు దగ్గరే నీళ్లు చల్లగా తగిలాయి.

"అత్తయ్యగారూ, విచిత్రంగా ఉందే! ట్యాంకు నిండుగా ఉంది!"

"ఎందుకుండదు అల్లుడుగారూ," పైనుంచి వినిపించింది. "మీరు ఆపింది సముద్రాన్ని."