ఇడ్లీ కుక్కర్ బయటపెట్టిన సంగతి

వంటింట్లోకి తల్లి రావడం చూసి విరించి చటుక్కున సినిమా యాప్ మూసేశాడు. అసలే ఆషాఢం. పుట్టింట్లో ఉన్న కొత్త భార్య హిమజను కలవకూడదు.

యాప్ మూసేసినా సరే, బుకింగ్ ఆగిపోతే ఆ కబురు దగ్గర్లో ఉన్న తెర మీద కనపడాల్సిందేనని నియమం రాసి, ఆ యాప్ తయారుచేసిన తన ఆఫీసులో శాలువా కప్పించుకున్న మేధావి తనే. ఇప్పుడు వంటింట్లో గిన్నెలన్నిటికీ తెరలే.

ఇడ్లీ కుక్కర్ వెలిగింది: "హిమజతో మ్యాటినీకి రెండు టికెట్లు బుక్ కాలేదు. మళ్ళీ ప్రయత్నించాలా?"

"నీ తెలివి తెల్లారినట్టే ఉందిరా!" అంటూ తల్లి పిండి వేలితో రెండుని మూడు చేసి నొక్కింది. ఈసారి టికెట్లు వచ్చేశాయి.

"మూడెందుకే అమ్మా?"

"నువ్వొక్కడివే వెళ్తే ఆషాఢం పట్టింపు తప్పినట్టు. నేనూ వస్తే కోడల్ని చూడ్డానికి వెళ్ళినట్టు. మధ్య సీటు నాది."