నాలుగు వేళ్ళ కొసరు

బట్టల వ్యాపారి చేతిలో ఆ పొద్దున ఉన్నవి మూడు: యూనిఫాం గుడ్డ నమూనా, ఈసారి ఆర్డరు కూడా మీకేనన్న హెడ్మాస్టరమ్మ మాట, అదే బడిలో మూడో తరగతి చదివే కూతురు. సంతకం ఒక్కటే తక్కువ.

"సంతకానికేం తొందర? మీ చిట్టి ఆట చూసి వెళ్దురుగాని" అంటూ హెడ్మాస్టరమ్మ అతన్ని తరగతి గదిలోకి లాక్కొచ్చింది.

మోకాళ్ళు గడ్డానికి ఆనేలా చివరి బెంచీలో ఇరుక్కుని కూర్చున్నాడు. గదంతా బజారు. నాలుగు బల్లలు, నాలుగు కొట్లు. ప్రతి బల్ల మీదా ఒక గుడ్డ చుట్ట, ఒక మీటరు కర్ర.

"చదువు మానేసి ఇదేం ఆట టీచరమ్మా?" పక్కనే నిలబడ్డ క్లాసు టీచర్ని అడిగాడు.

"కొలతల పాఠమే సార్. ముందే చెబితే మజా పోతుంది, చూస్తూ ఉండండి."

చిట్టి గొంతు గదినంతా ఏలుతోంది. "రండక్కా, రండి! బోణీ బేరం! కొనకపోయినా పర్లేదు, ఒకసారి ముట్టుకుని చూడండి!"

వ్యాపారి మీసాల్లో నవ్వుకున్నాడు. నోరున్న పిల్ల, రేపు కొట్టుకు పనికొస్తుంది.

రెండు జడల పిల్ల ఒకతె మూడు మీటర్లు అడిగింది. చిట్టి గుడ్డను బిగలాగి కర్ర మీద పరిచింది. మీటరు అయిన చోట బొటనవేలు పెట్టి, రెండో మీటరును వేలికి ఇవతలి నుంచి మొదలుపెట్టింది.

"ఒకటీ... రెండూ... మూడు! పైన నాలుగు వేళ్ళు కొసరు. మీరు కాబట్టి ఇస్తున్నానక్కా, ఎవరికీ చెప్పకండేం!"

వ్యాపారి నవ్వు ఆగిపోయింది. ఆ బొటనవేలు తనది. ఆ కొసరూ తనదే. జానెడు మింగి నాలుగు వేళ్ళు దానం చేయడం అతని కొట్లో ఏళ్ళ నాటి పద్ధతి. ఆదివారాలు చిట్టి గల్లా పక్కన కూర్చుని బొమ్మలు గీసుకునేది. తలెత్తి చూస్తుందని అతనెప్పుడూ అనుకోలేదు.

"అచ్చం మీరే!" హెడ్మాస్టరమ్మ నవ్వింది.

అతను ఆమె వంక ఓరగా చూశాడు. ఈవిడకు ఎంతవరకు తెలుసు?

రెండు జడల పిల్ల తన గుడ్డను కిటికీ దగ్గర మళ్ళీ కొలుచుకుని కేక పెట్టింది. "తక్కువొచ్చింది టీచర్! చిట్టిది దొంగ కొట్టు!"

"దొంగ కొట్టు! దొంగ కొట్టు!" తరగతంతా బల్లలు చరిచింది. చిట్టి రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

ఆ భుజాలు చూశాక ఆర్డరు, నమూనా, సంతకం ఏవీ అతనికి గుర్తు లేవు.

"ఆపండర్రా!" అంటూ బెంచీలోంచి పెళ్ళగించుకుని లేచాడు. "నా కూతుర్ని దొంగ అనకండి. దానికేం తెలుసు, నన్ను చూసి నేర్చుకుంది! మా కొట్లో అలాగే కొలుస్తాం మేడం. పోయినేడాది మీ యూనిఫాం గుడ్డ కూడా అలాగే కొలిచాను. తగ్గినదంతా తెచ్చి ఇచ్చేస్తాను. దాన్ని మాత్రం ఏమీ అనకండి."

బల్లల చప్పుడు ఆగింది. హెడ్మాస్టరమ్మ పెన్నుకు మూత పెట్టేసింది. చిట్టి చేతులు దించి తండ్రి వంక చూసింది. ఆ కళ్ళల్లో తడి లేదు.

వ్యాపారి లెక్క చూసుకున్నాడు. ఆర్డరు పోయింది. పరువూ పోయింది. కూతురి మీద దొంగ అన్న మాట మాత్రం చెరిపేశాడు. మిగిలిన లాభం అదొక్కటే, అదే చాలు.

"సార్..." టీచరమ్మ ముందుకొచ్చింది. "వారానికొకరు దొంగ కొట్టు పెడతారు, మిగతావాళ్ళు కొలిచి పట్టుకోవాలి. ఆటే అది."

ఆమె తల దించుకుంది.

"ఆ కొలతా, ఆ మాటలూ పాపకు నేర్పింది నేనే సార్."