పద్దెనిమిది అంగుళాల ట్రౌట్

“కనబడుతోందా, బావా?”

“ఎందుకు కనబడదూ? శుభ్రంగా కనబడుతోంది,” అన్నాడు ఆర్విడ్, గాలాన్ని తన బొటనవేలికే గుచ్చుకుంటూ.

చలికాలంలో మొంటానా నదుల్లోని ట్రౌట్ చేపలు పెద్ద ఎర వైపు కన్నెత్తి చూడవు. నీటి మీది దోమలే వాటి భోజనం. కాబట్టి గాలానికి ఈకపోగులతో కట్టే ఉత్తుత్తి దోమ కూడా ఆవగింజంతే ఉండాలి. దాని కన్నంలోంచి దారం దూర్చడం కుర్రకళ్లకే కష్టం. ఆర్విడ్‌కి డెబ్బై రెండేళ్లు, రెండు కళ్లలోనూ శుక్లాలు.

అతను ఆ మాట ఒప్పుకోడు. కానీ పోయిన ఆదివారం పక్కింటి పిల్లలు చేసిన మంచుబొమ్మకి టోపీ తీసి, “ఒంట్లో ఎలా ఉంది, పాస్టరుగారూ?” అని అడిగేసరికి భార్య సోల్వేగ్ ఓపిక నశించింది.

“దారం నువ్వే కట్టి ఒక్క ట్రౌట్ పట్టుకో. ఫోటో చూపించు. లేదంటే సోమవారం ఆపరేషన్!” అంది.

ఆర్విడ్ ఎలుగుబంటికైనా ఎదురెళతాడు గాని, కంట్లో కత్తి అంటే పైప్రాణాలు పైనే పోతాయి. సాక్షిగా ఆవిడ తన తమ్ముడు మెర్ల్‌ని వెంట పంపింది.

సాక్షిగారు నదిలో దిగీ దిగగానే ఒడ్డున మంచుపలక విరిగి, బూటు నిండా నీళ్లు తెచ్చుకున్నాడు. మోకాలిదాకా ఉండే మేజోడు విప్పి, పిండి, ఎగువన ఒక రాతి మీద ఆరేశాడు. కాలికి రొట్టెలు తెచ్చుకున్న ప్లాస్టిక్ సంచి తొడుక్కుని మళ్లీ బూటు వేసుకున్నాడు.

“తొందరగా కానియ్ బావా! నా వేళ్లు నావో కావో తెలియడం లేదు.”

“నోరు మూసుకోరా. దూరింది!”

నిజంగానే దూరింది. ఆర్విడ్ గాలపు కర్ర ఝళిపించాడు. దోమ ఎక్కడ వాలిందో ఇద్దరికీ తెలియలేదు. గాలి విసురుగా కొడుతోంది. అరగంట గడిచింది. ఆర్విడ్‌కి నీళ్లలోంచి డాక్టరు ముఖం కనిపించడం మొదలైంది.

ఉన్నట్టుండి కర్ర వంగింది.

“పడింది! పడిందిరా మెర్ల్!”

“పెనుగులాడటం లేదేంటి?”

“ఈ చలిలో దానికి మాత్రం కీళ్లనొప్పులు ఉండవా? బరువు చూడు, బరువు!”

మెర్ల్ వల పట్టాడు. అతని కళ్లద్దాలు ఆవిరి పట్టి తెల్లగా ఉన్నాయి.

“పైకెత్తకు!” అని అరిచాడు ఆర్విడ్. “గాలి తగిలితే మొప్పలు గడ్డకట్టి చస్తుంది. నీళ్లలోనే ఉంచు. ఫోటో తియ్యి.”

మెర్ల్ నీళ్లలోనే కొలిచాడు. పద్దెనిమిది అంగుళాలు! గోధుమరంగు ఒళ్లు, ఎర్రటి చుక్కలు. నీళ్లలోకి వంగి బావ ఫోనుతో నాలుగు ఫోటోలు తీశాడు.

ఆర్విడ్‌కి కళ్లు చెమర్చాయి. మొద్దుబారిన చేతులతో దోమని ఊడదీసి, ముఖం నీళ్లదాకా వంచి చేపకి ముద్దు పెట్టాడు. “నా తల్లే! నా కళ్లు కాపాడావే,” అని మెల్లగా ప్రవాహంలోకి వదిలాడు.

“తోక ఆడించింది, బావా!”

“నాకు థాంక్స్ చెప్పిందిరా.”

తిరిగి వెళ్లేటప్పుడు మేజోడు ఎంత వెతికినా మెర్ల్‌కి కనిపించలేదు. గాలికి ఎటో పోయి ఉంటుందనుకున్నాడు.

ఇంట్లో అడుగు పెడుతూనే ఆర్విడ్ ఫోను బల్ల మీద పెట్టి, సోల్వేగ్ చేసిన సూపు తనే వడ్డించుకున్నాడు. “డాక్టరుకి ఫోన్ చేసి రావడం లేదని చెప్పు,” అన్నాడు దర్జాగా.

“నేనే సాక్షి, అక్కా! నిఖార్సయిన ట్రౌట్. నేనే కొలిచాను, బావ ముద్దుపెట్టి మరీ నదిలో వదిలాడు,” అన్నాడు మెర్ల్, గుమ్మంలో బూట్లు విప్పుతూ.

సోల్వేగ్ ఫోటోని వేళ్లతో పెద్దది చేసి చూసింది. తర్వాత తమ్ముడి కాలికున్న రొట్టెల సంచి వంక చూసింది. మళ్లీ ఫోటో చూసింది. నెమ్మదిగా ఆస్పత్రికి ఫోన్ కలిపింది.

“సోమవారం ఒకరు కాదండీ, ఇద్దరు వస్తున్నారు.”

మెర్ల్ అదిరిపడ్డాడు. “ఇద్దరేంటి? నేనేం చేశానక్కా?”

“మీరు కొలిచి, ముద్దుపెట్టి, నదిలో వదిలింది నేనల్లిన మేజోడు.”