బోర్డు మీద అరవై అయిదు

ఇలా దగ్గరికి జరుగు తల్లీ, ఇది గట్టిగా చెప్పే సంగతి కాదు. మా తమ్ముడు రొట్టెల వ్యాను నడిపేవాడు. వేగం అరవై దాటకూడని రోడ్డు మీద రోజూ అరవై అయిదులో పోయేవాడు.

"అయిదుకే కొంపలు మునుగుతాయా అక్కా, నువ్వు మరీనూ!" అని నవ్వేవాడు.

ఒక రాత్రి ఆ దారిలోంచే ఫోన్ చేశాడు.

"అక్కా, రోడ్డు పక్కన, వచ్చే బండ్ల వేగం చూపించే బోర్డు ఉంది చూడు, అది పాడైనట్టుందే. వ్యాను ఆపి కిందికి దిగాను. బోర్డు ఇంకా అరవై అయిదే చూపిస్తోంది."

"వెనకాల ఎవరైనా వస్తున్నారేమో చూడరా."

"రోడ్డంతా ఖాళీ."

అంతలోనే గొంతు తగ్గించాడు.

"అక్కా, నా వ్యాను చప్పుడే వినిపిస్తోంది. ఇంజను ఆపేశానే!"

ఆ చప్పుడు నాకూ వినిపించింది, దగ్గరవుతూ.

"పక్కకి జరగరా!" అని అరిచాను.

వాడు మళ్లీ ఇంటికి రాలేదు. నా కేక వాడి చెవిన పడిందో లేదో ఇప్పటికీ తెలియదు. అయిదే కదా అనేవాళ్లు కనిపిస్తే, నువ్వైనా మరిచిపోకుండా ఈ సంగతి చెప్పు తల్లీ.