మొహాలు రాని గళ్లు

పెద్ద వరద వచ్చిన పదకొండో ఏడు, ఓ మధ్యాహ్నం. గోదాం గేటుకి అడ్డంగా కుర్చీ వేసుకున్న కాపలా బాబాయ్, ఓ అమ్మాయి వచ్చి నిలబడ్డా లేవలేదు.

"కార్డేదమ్మా?"

"ఇంట్లో మర్చిపోయాను బాబాయ్. కంప్యూటర్ పని మీద వచ్చాను. మేనేజర్ గారు ఫోన్ చేశారు."

"ఆయన సాయంత్రం గానీ రారు."

ఆమెను ఎగాదిగా చూశాడు. తెలియని మొహం గేటు దాటితే కాపలావాడి ఉద్యోగం ఊడుతుంది. ఆ ఉద్యోగం ఆయనకు ఇంకో ఏడాదైనా ఉండాలి. తమ్ముడు వరదలో కొట్టుకుపోతే వాడి పిల్లల్ని ఈయనే చదివిస్తున్నాడని గోదామంతా చెప్పుకుంటుంది. చిన్నదానికి ఇంకో ఏడాది చదువుంది.

పాత గోదాం మునిగాక ఇక్కడికొచ్చిన వాళ్లంతా కొత్తవాళ్లే. పాతవాడని ఈయనొక్కడికే పేరు. పేరు పెట్టి పిలిస్తే రెండోసారికి గానీ పలకడు. చెవుడనుకుంటారు. నీలం యూనిఫాం చేతులు రెండు మడతలు పెట్టినా ఇంకా జారుతుంటాయి.

"పోయిన వారం ఈ గేటు కంప్యూటర్లో ప్రోగ్రాం పెట్టించింది నువ్వేనా? ఎవరి కార్డు ఆనించినా పేరొస్తోంది, మొహం ఉండాల్సిన చోట ఖాళీ గడి."

"నా కంప్యూటర్లో అందరూ వస్తున్నారు బాబాయ్. ఫొటోలు నా ఫోల్డర్లో ఉన్నాయి, ప్రోగ్రాం వాటిని అక్కడే వెతుక్కుంటోంది. ఇక్కడ ఆ ఫోల్డర్ లేదుగా!"

"ఊరికి బయల్దేరి మూట ఇంట్లో వదిలేసినట్టు."

"అచ్చం అంతే! ఈసారి ఫొటోల్ని ప్రోగ్రాంలోనే కట్టేసి తెచ్చా. ఎక్కడ తెరిచినా కనిపిస్తాయి."

ఆయన నవ్వలేదు. "ఆ ఫొటోలు నీకెవరిచ్చారు?"

"హెడ్డాఫీసు వాళ్లు. ఉద్యోగంలో చేరినప్పటి దరఖాస్తుల మీదవి."

"కాగితాలన్నీ వరదలో పోయాయిగా."

"పాత గోదాంలోవి పోయాయి. వాళ్ల దగ్గర నకళ్లున్నాయి."

"దొంగ మాటలు ఇంత నున్నగానే ఉంటాయి."

"పోలీసులైనా ఇన్ని అడగరు బాబాయ్!"

మేనేజర్ వచ్చేదాకా ఆమెను ఎండలోనే నిలబెట్టాడు.

"నీ అనుమానం తగలెయ్య!" అన్నాడు మేనేజర్ కారు దిగుతూనే. "ఆ అమ్మాయి మన మనిషేనయ్యా!"

పది నిమిషాల్లో పనైపోయింది. స్టోర్ గుమాస్తా కార్డు ఆనిస్తే స్టోర్ గుమాస్తా, డ్రైవర్ కార్డుకి డ్రైవర్, ఊడ్చే ఆవిడ కార్డుకి ఆవిడ, పదేళ్లు చిన్నగా తెర మీద ప్రత్యక్షమయ్యారు.

"మీదీ ఇవ్వండి బాబాయ్, చూద్దాం."

ఆయన చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. "ఇంట్లో మర్చిపోయాను."

ఆమె పకపకా నవ్వింది. "ఇప్పుడు నేను మిమ్మల్ని లోపలికి రానివ్వాలా, వద్దా?"

మేనేజర్ కూడా నవ్వాడు. "రేపు తెస్తాడులే."

మర్నాడు పొద్దున ఆయన అందరికంటే ముందే వచ్చాడు. ఉతికి మడతపెట్టిన నీలం చొక్కాను కుర్చీలో ఉంచి, దాని మీద తాళంచెవులు పెట్టాడు. కార్డు ఆనించాడు. తెర మీది మొహాన్ని చాలాసేపు చూశాడు.

"ఒక్క ఏడాదేగా, ఎక్కడో చోట మూటలు మోస్తాలే" అన్నాడు దానితో.

కార్డు కుర్చీలోని చొక్కా జేబులో పెట్టి, గేటు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

వరదలో పోయింది తమ్ముడు కాదు, అన్న.